మందిరమునకును మద్యశాలకును నడుమ నూరు మీటర్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



లెక్కలు వ్రాసి జీవించువానిని సాహిత్యసభలో నిలిపి మాటలాడుమనుట కార్యవర్గమువారి ఔదార్యము. ఏ గురువునొద్దను కూర్చుండి చదివినవాడను కాను. ఈ గ్రంథాలయపు బీరువాలే నాకు పాఠశాల. కావున భారతమును గూర్చియో, ప్రబంధములను గూర్చియో నాలుగు మాటలు చెప్పుదునని మీరు తలచియుందురు. భారతము ప్రసంగమున రాక మానదు. కాని నేడు నేనెత్తుకొన్న విషయము మాత్రము మన వీధిలోనిది. దేవాలయమునకును, చర్చికిని, మసీదునకును ఎంత దూరమున మద్యము దుకాణముండవచ్చును? ఆ దూరమును ఎవరు కొలువవలెను? ఎట్లు కొలువవలెను? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములయందు దుకాణములకు లైసెన్సులిచ్చు కాలము వచ్చినప్పుడెల్ల ఈ ప్రశ్న లేచుచునే యున్నది. వాదములు చాల చేయుదుము గాని, నియమమును చదివి వాదించువారు తక్కువ. గ్రంథాలయమున్న ఊరిలో అట్లుండరాదని నా మనవి.

మొదట నియమమేమో చూతము. మన ప్రాంతమున నిజాము ప్రభుత్వపు నాటి ఆబ్కారీ చట్టము చిరకాలము నడచినది. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము వచ్చినది. ఆ చట్టము క్రింద 2012లో ఉమ్మడి రాష్ట్రప్రభుత్వము మద్యము దుకాణముల లైసెన్సులకు నియమములు వెలువరించినది. 2014లో రాష్ట్రము వేరైన పిదప తెలంగాణమునకును అవియే ఆధారమైనవి. వానిలో ముఖ్యమైన దొకటి: ప్రజలు పూజచేయు స్థలమునకు, విద్యాలయమునకు, ఆసుపత్రికి 100 మీటర్ల లోపల దుకాణముండరాదు.

ఇంతవరకు అందరికిని తెలిసినదే. తెలియనిది దీని తరువాతి భాగము. పూజాస్థలమనగానేమి? ఆ నియమము ప్రకారము దేవాదాయ శాఖయందు నమోదైన దేవాలయము, వక్ఫు బోర్డునందు నమోదైన మసీదు, చర్చి. ప్రభుత్వము ప్రత్యేకముగా పేర్కొన్న ఇతర సంస్థలును ఇందు చేరును. ఆసుపత్రి ప్రైవేటుదైనచో 30 పడకలైనను ఉండవలెను. విద్యాలయము గుర్తింపు పొందినదై యుండవలెను.

ఇచ్చట మీరొక్క విషయము గమనింపుడు. దేవాలయమునకును మసీదునకును నమోదు కావలెనన్నారు. చర్చికట్టి మాట లేదు. దీనివలన చర్చికి మేలు జరిగినదని కొందరందురు. నిజమునకు చిక్కులు రెండువైపులను కలవు. మన ఊరి పోచమ్మ గుడి, మైసమ్మ గద్దె, ఎల్లమ్మ గుడి దేవాదాయ శాఖ పుస్తకములలో నుండునా? చాలవరకు ఉండవు. మరియొక వైపున, పేటలో రేకులు కప్పిన గదిలో ఇరువదిమంది కూడి ఆదివారము ప్రార్థన చేసికొనుచున్నారనుకొందము. అది చర్చియా, ఇల్లా? గోపురము, గంట ఉన్నచో చర్చి యనియు, రేకుల కప్పు ఉన్నచో కాదనియు ఏ నియమమును చెప్పలేదు. కాని వివాదము వచ్చిననాడు కాగితము గలవాని మాట నిలుచును, లేనివాని మాట గాలికి పోవును. ఇది లెక్కలు వ్రాయువాడు నిత్యము చూచు సత్యము.

ఇక కొలత. 100 మీటర్లనగా 328 అడుగులు. మన రైతులకు గుంట తెలియును. గుంటకు ఒక ప్రక్క 33 అడుగులు. అట్టి పది ప్రక్కలు వరుసగా పేర్చినచో 330 అడుగులు. అనగా పది గుంటల వరుసకు రెండడుగులు తక్కువ. పొలము గట్టున నిలిచి చూచిన ఎవ్వరికైనను ఇదెంత దూరమో కంటికి కట్టును. పెద్ద దూరమేమియు కాదు. గంట మ్రోగిన వినబడును. కేక వేసిన వినబడును. త్రాగి తిట్టిన తిట్టును వినబడును.

ఈ దూరమును గాలిలో తాడు కట్టి కొలువరు. దుకాణపు ద్వారము నడిమిభాగము మొదలుకొని, మనుష్యులు మామూలుగా నడచు దగ్గరి త్రోవ వెంబడి, పూజాస్థలమునకు ప్రహరీ యున్నచో దగ్గరి గేటు నడిమికి, ప్రహరీ లేనిచో ద్వారము నడిమికి కొలుతురు. దీని ఫలమేమో యోచింపుడు. దుకాణము వెనుకగోడయు చర్చి వెనుకగోడయు ఒక దాని నొకటి ఆనుకొని యున్నను, ద్వారములు వేర్వేరు వీధులకు తెరచుకొన్నచో, త్రోవ చుట్టుతిరిగి నూరు మీటర్లు దాటవచ్చును. కొలత చట్టబద్ధమే. అయినను పాటల నడుమ సీసాల చప్పుడు వినబడును. ప్రహరీ లేని పేద మందిరమునకు ద్వారమువరకు కొలుతురు గనుక, దాని ముందరి ఖాళీస్థలము కొలతలో దుకాణదారునకు కలిసివచ్చును. గోడ కట్టుకొనగలిగినవానికి గేటు నొద్దనే రక్షణ మొదలగును. కట్టుకొనలేనివానికి వాకిటియొద్దకు గాని రాదు. ఈ సూక్ష్మము నెరుగక "నూరు మీటర్లు లేదు" అని అర్జీ పెట్టినవారు ఓడిపోయి, అధికారి అన్యాయము చేసెనని తలతురు.

మద్యమునకును ప్రభుత్వమునకును ఈ సంబంధము క్రొత్తది కాదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను అధికారికి ఒక అధ్యాయమునే కేటాయించెను. మద్యమును ఊరు దాటింపరాదనియు, అంగళ్ళు ఒకదాని ప్రక్కన నొకటి గుమిగూడరాదనియు ఆయన విధించెను. త్రాగి మైమరచినవాని సొత్తు పోయినచో అంగడివాడే నష్టమిచ్చి, దండుగయు చెల్లింపవలెననెను. అనగా రాజునకు ఆదాయము కావలెను. ఊరికి శాంతియు కావలెను. రెండింటి నడుమ త్రాసు పట్టుట రాజధర్మము. నేటి ఎక్సైజు శాఖకును ఇదియే పని.

భారతమున రెండు కథలు కలవు. ఆదిపర్వమున శుక్రాచార్యుడు మద్యమున కలిసిన కచుని బూడిదను తెలియక త్రాగి, తెలివి వచ్చిన పిదప మద్యపానము మహాపాతకమని మర్యాద నెలకొల్పెను. ఇది ఎల్లరు నెరిగినదే. నేడు నాకు పనికివచ్చునది రెండవది, మౌసల పర్వకథ. మునిశాపము తగిలిన పిదప ద్వారకలో చాటింపు వేయించిరి: నేటినుండి ఈ పట్టణమున ఎవ్వరును మద్యము చేయరాదు, చేసినవాడు కొరత వేయబడును. చాటింపు కఠినమైనదే, ప్రజలు భయపడి అంగీకరించిరి. కాని ఆ యాదవులే తీర్థయాత్రకని ప్రభాసమునకు పోయి, అచ్చట పుష్కలముగా త్రాగి, మాటకు మాట పెరిగి, తుంగతో కొట్టుకొని నశించిరి. చూచితిరా? పట్టణములో నిషేధము, పుణ్యతీర్థములో పానము! హద్దు గీచినంతమాత్రమున దోషము పోదు; హద్దు కావలివైపునకు జరుగును. మన నూరు మీటర్ల నియమమును చదివినప్పుడెల్ల నాకు ప్రభాసతీర్థము జ్ఞప్తికి వచ్చుచుండును.

ఇక మతము మాట. మద్యమును గూర్చి ఏ మతము ఏమి చెప్పుచున్నదని వాదములాడి లాభము లేదు. క్రైస్తవుల సువార్తలో కానా యను ఊరి పెండ్లియందు నీరు ద్రాక్షారసమైన కథ కలదు. మత్తును ఖండించు హితవులు సామెతల గ్రంథమునందు కలవు. ప్రభురాత్రి భోజనమున మత్తు లేని ద్రాక్షరసమే వాడవలెనని పట్టుపట్టిన మెథడిస్టులలో వెల్చి యను అమెరికా వైద్యుడొకడు 1869లో ద్రాక్షరసము పులియకుండ నిలువచేయు పద్ధతి కనిపెట్టెను. మనకు పొరుగుననున్న మెదకులో 1924లో మహాదేవాలయమును నెలకొల్పినవారును ఆ మెథడిస్టు సంప్రదాయమువారే. ఇస్లాము మత్తును పూర్తిగా నిషేధించినది. మన గ్రామదేవతలకన్ననో కల్లు సాక పోయక బోనము పూర్తికాదు. గౌడ సోదరులు కాటమయ్యకు మ్రొక్కి తాడెక్కుదురు. ఇన్ని ఆచారములు గల ఊరిలో ఒకరి శాస్త్రముతో మరియొకరిని కొట్టరాదు. దూరపు నియమము మద్యమును పాపమని తీర్మానించుటకు పుట్టినది కాదు. ప్రార్థనకు వచ్చువారును, బడికి పోవు పిల్లలును, ఆసుపత్రిలో పడియున్న రోగులును నిర్భయముగా నడచుటకు పుట్టినది. ఇంతమాత్రము ఒప్పుకొన్నచో చర్చివారును, గుడివారును, మసీదువారును ఒక్క అర్జీపై సంతకము చేయవచ్చును. తాటికల్లు గీచి బ్రతుకు గౌడుని వృత్తిని, లక్షలు పెట్టి లైసెన్సు పొందు బ్రాందీ దుకాణమును ఒక్క గాట కట్టుటయు న్యాయము కాదు.

మనదేశపు అనుభవమును కొంచెము తడవుదము. 1937లో రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించినది. 1954లో ఆంధ్రరాష్ట్రమున మద్యనిషేధమును గూర్చిన వివాదము మీదనే ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము ఒక్క ఓటుతో పడిపోయినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవారు సారాయి దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమమునకు ప్రేరణ ఎచ్చటనుండి వచ్చినది? అక్షరాస్యతా ఉద్యమపు వాచకములోని సీతమ్మ కథనుండి! రాత్రిబడిలో అక్షరములు నేర్చిన తల్లులు తమ బ్రతుకునే ఆ పాఠములో చదువుకొనిరి. గ్రంథాలయ రజతోత్సవమున ఇంతకంటె చెప్పదగిన మాట నాకు తోచుటలేదు. 1993 అక్టోబరున సారాయి నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలిపోయినది. దొంగసరకు, ఖజానాకు నష్టము అని కారణములు చెప్పబడినవి. నాటినుండి మన చేతిలో మిగిలినది ఈ దూరపు నియమమే.

దూరపు నియమమునకును ప్రభాసతీర్థపు లోపము కలదని చెప్పితిని. దానికి దృష్టాంతము మన రహదారియే. నిజామాబాదునుండి కోరుట్ల, జగిత్యాలల మీదుగా పోవు 63వ నంబరు జాతీయ రహదారిని మీరెరుగుదురు. 2016 డిసెంబరు 15న సుప్రీముకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యము అమ్మరాదని తీర్పు చెప్పినది. 2017 మార్చి 31న, ఇరువదివేలకు మించని జనాభా గల చోట్ల ఆ దూరమును 220 మీటర్లకు తగ్గించినది. వాహన ప్రమాదములను తగ్గించుటయే ఆ తీర్పు ఉద్దేశము. ఉద్దేశము గొప్పదే. కాని రహదారినుండి తొలగిన దుకాణములు ఏమైనవి? అనేక రాష్ట్రములలో ఇండ్ల నడుమకు, లోపలి వీధులకు చేరినవి. ఆడవారు రోడ్డెక్కి ఆందోళన చేసిరి. అదే సంవత్సరము జూలైలో పట్టణ సరిహద్దులలోని లైసెన్సులకు ఆ నిషేధము వర్తింపదని కోర్టు స్పష్టము చేసినది. కావున ఒక దుకాణమును చర్చియొద్దనుండి జరుపుమని మనమడుగునప్పుడు, ఎచ్చటికి జరుగునో కూడ అడుగవలెను. చర్చి ముందునుండి లేచి, బీడీలు చుట్టి సాయంకాలము కూలి తెచ్చుకొను అక్కల త్రోవలో వాలినచో మనము సాధించినదేమి?

దుకాణదారుని పక్షమును కూడ చెప్పకపోవుట ధర్మము కాదు. రాష్ట్రమున 2,620 మద్యము దుకాణములు కలవు. రెండేండ్ల కొకసారి లాటరీ. 2023లో ఒక్కొక్క దరఖాస్తునకు రెండు లక్షల రూపాయల రుసుము చెల్లించి లక్షా ముప్పదివేలకు పైగా దరఖాస్తులు పెట్టిరి. 2025లో ఆ రుసుము మూడు లక్షలైనది. లాటరీ తగులకున్నను సొమ్ము తిరిగి రాదు. అంత పెట్టినవాడు జనము తిరుగు చోటనే దుకాణము పెట్టదలచును. "నేను దొంగతనము చేయుట లేదు, ప్రభుత్వమే ఇచ్చినది" అనును. నిజమే. అయితే మద్యవ్యాపారము పౌరునకు ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీసు వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1994లోనే తేల్చినది. రాజ్యాంగపు 47వ అధికరణము మత్తుపానీయముల వాడుకను నిషేధించుటకు రాజ్యము యత్నింపవలెనని చెప్పుచున్నది. కావున లైసెన్సు హక్కు కాదు, షరతులతో నిచ్చిన అనుమతి. షరతు తప్పినచో అనుమతియు తప్పును. అతడు నియమము ప్రకారము స్థలము చూపినచో అతనిని నిందించుటయు, నిప్పు పెట్టుదుమని బెదరించుటయు మనకు తగదు. ముందుగా వెలసిన దుకాణము ప్రక్కన క్రొత్తగా మందిరము కట్టి, దానిని తొలగింపుమనుటయు సబబు కాదు.

మరి నిర్ణయమెవరిది? ఈ ప్రశ్నకు అమెరికాలో చక్కని వ్యాజ్యమొకటి నడచినది. మసాచుసెట్సు రాష్ట్రమున ఒక చట్టముండెను. చర్చికిగాని, బడికిగాని 500 అడుగుల లోపల మద్యము లైసెన్సు అడిగినచో, ఆ చర్చి పాలకులు వ్రాతమూలముగా అభ్యంతరము తెలిపినంత మాత్రమున లైసెన్సు ఆగిపోవును. కేంబ్రిడ్జిలో గ్రెండెల్సు డెన్ అను భోజనశాలకు పది అడుగుల దూరమున ఆర్మీనియను చర్చి యుండెను. చర్చివారు వలదనిరి; లైసెన్సు రాలేదు. అదే ఐదువందల అడుగుల లోపల లైసెన్సులు గలవారు అప్పటికే ఇరువదియారుగురుండిరి! భోజనశాలవారు న్యాయస్థానమున కెక్కిరి. 1982లో అమెరికా సుప్రీముకోర్టు ఎనిమిదిమంది ఒకవైపు, ఒక్కరు మరియొకవైపుగా తీర్పు చెప్పినది: ప్రభుత్వము తానే దూరము నిర్ణయింపవచ్చును, చర్చివారి మాటను వినవచ్చును, దానికి విలువ నీయవచ్చును, కాని కాదనుటకు అవుననుటకు గల అధికారమును మతసంస్థ చేతికి అప్పగింపరాదు. ఈ వివేకము మనకును అక్కరకు వచ్చును. ఫాదరుగారో, పాస్టరుగారో, పూజారిగారో, మౌల్వీగారో ఒక్కరే తేల్చునట్లైనచో, రేపు ఆ ఒక్కరిని మంచి చేసికొన్నవానికి దుకాణము దక్కును. పదిమంది విన్నపము చేయవలెను. అధికారి బహిరంగముగా కొలువవలెను. కారణము వ్రాసి చెప్పవలెను.

ఒక లెక్క వినుడు. దినమునకు నూరు రూపాయలు త్రాగుటకు వెచ్చించువాడు సంవత్సరమునకు 36,500 రూపాయలు వెచ్చించును. ఒక లైసెన్సు కాలమైన రెండేండ్లలో 73,000. సిరిసిల్ల మరమగ్గముల యొద్ద రాత్రింబవళ్ళు నిలిచి వారపు కూలి తెచ్చువానికి, గల్ఫు దేశమున ఎండలో పనిచేసి ఇంటికి సొమ్ము పంపువాని తమ్మునికి ఈ మొత్తమెంతయో నేను చెప్పనక్కరలేదు. నూరు మీటర్ల దూరము ఈ లెక్కను మార్చలేదు. అది చేయగలిగిన దొక్కటే: త్రాగనివానికి నెమ్మదిగా నడచుటకు త్రోవ యిచ్చుట. చిన్నదైనను ఆ మేలును విడువరాదు. అదియే మొత్తము మేలని మురియనురాదు. లైసెన్సు దుకాణము నూరు మీటర్ల దూరమున బుద్ధిగా నుండగా, అదే సీసా చర్చి ప్రక్కనున్న కిరాణా కొట్టులో బెల్టుషాపు పేర దొరకుచున్నచో మన కొలతగొలుసు నవ్వులపాలగును. బెల్టుషాపునకు లైసెన్సే లేదు గనుక దూరమును లేదు, వేళయు లేదు.

కావున నా మనవులివి. ఊరిలోని గుళ్ళు, మసీదులు, చర్చిలు, ప్రార్థనగదులు అన్నింటి పట్టికను గ్రామసభలో చదివి పంచాయతి పుస్తకమున నెక్కింపవలెను. పేటలోని రేకుల గదిని మరువరాదు. నమోదు కావలసినవి నమోదు చేయింపవలెను. దుకాణమునకు స్థలము చూపిరని తెలిసిననాడే, తెరచిన పిదప గాక, జిల్లా ఎక్సైజు అధికారికి పటముతో అర్జీ నీయవలెను. కొలుచునప్పుడు ఇరుపక్షములవారు నుండి పంచనామాపై సంతకములు చేయవలెను. బెల్టుషాపును గూర్చి ఊరంతయు ఒక్కమాటపై నుండవలెను. షెడ్యూలు ప్రాంతములలో 1996 నాటి చట్టము గ్రామసభకు మత్తుపదార్థములపై అధికారమిచ్చినది. మైదానపు గ్రామములకును ఆ గౌరవములో కొంత దక్కవలెనని మనము ప్రభుత్వమును కోరవలెను.

కడపటి మనవి ఒకటి. ఆ నియమములోని పట్టికను మరల చదువుడు: పూజాస్థలము, విద్యాలయము, ఆసుపత్రి. గ్రంథాలయము లేదు! మన ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయపు పన్నుగా వసూలు చేయు రాజ్యమునకు, గ్రంథాలయపు వాకిట దుకాణముండరాదని వ్రాయుట తోచలేదు. సాయంకాలము ఇచ్చటికి వచ్చు ఆడపిల్లలు పుస్తకము మార్చుకొని చీకటిపడకుండ ఇల్లు చేరవలెను. వారి త్రోవయు బడిత్రోవ వంటిదే. ఈ రజతోత్సవ సందర్భమున మన సభ ఒక తీర్మానము చేసి, గ్రంథాలయమును ఆ పట్టికలో చేర్పుమని ప్రభుత్వమునకు పంపవలెనని ప్రతిపాదించుచున్నాను. ఖర్చు ఒక తపాలా బిళ్ళ. అర్జీ చిత్తు వ్రాయు పని నాకు వదలుడు.

 ఇరువదియైదేండ్లు ఈ దీపమును ఆరనీయక కాపాడినవారికి శుభమగుగాక. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము నాటికి మన పిల్లల పిల్లలతో నిండియుండుగాక. సెలవు.